చేమంతి పెరటికి వారసుడు

ఏలూరు జిల్లా, భీమడోలు మండలం, గుండుగొలను గ్రామంలో చర్చి వెనక వీధిలో కాపురముంటున్న నేతల జ్ఞానయ్య అనే నేను, వయస్సు డెబ్బై ఆరు, పూర్వం ఆర్టీసీ కండక్టరును, ప్రస్తుతం తోటపని చేసుకునేవాణ్ణి, ఒకరి బలవంతం గానీ బుజ్జగింపు గానీ లేకుండా, నా పెరట్లో, నా కుర్చీలో, నీరెండలో కూర్చుని చెప్పగా, దస్తావేజు లేఖరి శ్రీహరి గారు రాసిన వీలునామా ఇది.

నా బుద్ధి స్థిమితంగా ఉన్నదని రాస్తే సరిపోతుందని శ్రీహరి గారు అన్నారు. రుజువు లేకుండా రాయడం నాకు ఇష్టం లేదు. నిద్రలో లేపి అడిగినా ఏలూరు నుంచి దెందులూరు, గుండుగొలను, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, ఉంగుటూరు, బాదంపూడి, తాడేపల్లిగూడెం అని వరసగా చెప్పగలను. తిరుగు ప్రయాణం కూడా చెప్పగలను. నా కొడుకు నాలుగు చక్రాల బండిలో రోజూ అదే దారిన తిరుగుతూ పూళ్ళ ముందా కైకరం ముందా అని తడుముకుంటాడు. కాబట్టి మా ఇంట్లో ఎవరి బుద్ధి స్థిమితమో చదివేవారే తేల్చుకోవలెను.

1. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. అయితే కోపం వచ్చినప్పుడల్లా "ఈ పెరడు మీలో ఒక్కరికీ ఇవ్వను, చర్చికి రాసేస్తాను" అనీ, ఒకసారి మాత్రం "కొల్లేటి కొంగలకు రాసేస్తాను" అనీ నోటితో అని ఉన్నాను. ఆ మాటలన్నీ దీనితో రద్దు చేస్తున్నాను.

2. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా తూర్పు గోడ అవతల ఉంటున్న టైలరు షేక్ ముస్తాక్ గారికి అప్పగిస్తున్నాను. ఒకసారి కొలత తీసుకున్నాక ఎవరేమన్నా గుడ్డ తక్కువ కొయ్యని మనిషి. ఆయన భార్య ఖాతూన్ గారికి మా కరివేపాకు చెట్టులో గోడ మీదుగా అటు వంగిన కొమ్మను శాశ్వత హక్కులతో ఇస్తున్నాను. ఆవిడ ఇన్నాళ్ళూ రెబ్బ కోసిన ప్రతిసారీ "జ్ఞానయ్య గారూ, ఒక రెబ్బ తీసుకుంటున్నానండీ" అని కేకేసి చెప్పేవారు. నేను స్నానానికి వెళ్ళినా సరే, జవాబు వచ్చేదాకా కొయ్యరు. ఇకమీదట కేకెయ్యనక్కరలేదు.

3. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, కాలం చేసిన నా భార్య పుష్పమ్మ నగలు నా కొడుకు సుకుమార్, కూతురు స్నేహలత చెరి సగం తీసుకోవలెను. ఇద్దరూ మంచి పిల్లలు. ఆదివారం ఆదివారం వస్తారు, నా మందులు చూస్తారు, నన్ను కసురుకుంటారు. ఇంటి విషయంలో నాకు దిగులు లేదు. నా దిగులంతా ఇంటి వెనక ఉన్నదాని గురించి.

4. సదరు పెరటి వివరం. విస్తీర్ణం ఆరు సెంట్లు. తూర్పున ముస్తాక్ గారి గోడ, దక్షిణాన నా ఇల్లు, ఉత్తరాన పంటబోదె, పడమర బుంగా సత్యానందం గారి కంచె. హద్దులు రాస్తే చాలు, లోపల ఏముందో రాయనక్కరలేదు అని శ్రీహరి గారు అన్నారు. లోపల ఏముందో తెలియకుండా ఎవరికైనా ఏం ఇస్తానండీ? రాయండి అన్నాను.

నవంబరు నెలలో ఈ పెరడు చూడాలి. వానలు వెనక్కి తగ్గుతాయి, మట్టి కాలికి అంటుకోవడం మానేస్తుంది. తెల్లవారుజామున మంచు దిగి బోదె కనపడదు, అందులో నీళ్ళ చప్పుడు మాత్రం వినపడుతుంది. ఎండ వచ్చేసరికి చేమంతి ఆకుల మీద తడి మెరుస్తుంటుంది. ముద్దబంతి అప్పటికే ముదిరి తలలు వేలాడేసి ఉంటుంది, చేమంతి మొగ్గ విచ్చుతుంటుంది, డిసెంబరు పూలు ఇంకా మూతి ముడుచుకుని ఉంటాయి. చిక్కుడు పందిరి మీద ఊదారంగు పూత. ఆ వేళకు గూడబాతులు వరస కట్టి కొల్లేటి వైపు పోతాయి. చేతిలో టీ గ్లాసు పట్టుకుని నేను ఏమీ చెయ్యకుండా కూర్చుంటాను. ఏమీ చెయ్యకుండా కూర్చోవడమంటే కలుపు కనపడేదాకా అని అర్థం. అది గ్లాసులో సగం టీ ఉండగానే కనపడుతుంది.

ఈ తోటలో నేను కొన్న మొక్క లేదు. పసుపు చేమంతి పిలక ఉంగుటూరులో ఎక్కి భీమడోలులో దిగిన ఒక పెద్దావిడ ఇచ్చింది. తెల్ల చేమంతి కైకరం పెళ్ళివారు బస్సులో మరిచిపోయిన బుట్టలోది, ఎవరూ అడగడానికి రాలేదు. గులాబి బాదంపూడిది. నేను చిల్లర లేక ఇబ్బంది పడ్డ రోజున డ్రైవరు ప్రసాదరావు గారు వాళ్ళ ఇంటి నుంచి తెచ్చి ఓదార్పుగా ఇచ్చిన కనకాంబరం ఇంకా ఉంది. ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన తోట కాబట్టి దీన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది నాకు చిన్న విషయం కాదు.

5. నా కొడుకు సుకుమార్‌కు తాడేపల్లిగూడెంలో టైల్స్ షాపు ఉంది. కష్టపడి పైకి వచ్చాడు, సంతోషం. అయితే మనిషి ఎక్కడ మట్టి చూసినా తట్టుకోలేడు. నా పుట్టినరోజున కేకు తెచ్చాడు, కేకుతో పాటు కొలత టేపు తెచ్చాడు. నేను కొవ్వొత్తి ఊదుతుండగా పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరకు టేపు లాగి, "నాన్నగారూ, పార్కింగ్ టైల్స్ పరిచేస్తే కారు పెట్టుకోవచ్చండీ, మీకు బురద బాధ ఉండదు. మొక్కలు కావాలంటే నాలుగు కుండీలు పెడదాం" అన్నాడు. వాడు నా మంచికే చెప్పాడు. చేమంతులు వాడి మంచితనానికి తట్టుకోలేవు. కాబట్టి సుకుమార్‌కు పెరటిలో ఏ హక్కూ లేదు. ఇంటి లోపల వాడి వంతులో నేలకే గాక గోడలకు, కావాలంటే పైకప్పుకు కూడా టైల్స్ వేసుకోవచ్చు.

6. కూతురు స్నేహలత ఏలూరులో టీచరు. దానికి ఈ తోటంటే ప్రాణం. రోజూ పొద్దున దాని ఫోను స్టేటస్‌లో నా చేమంతి, పక్కన ఒక వాక్యం, కింద "మా తోట" అని ఉంటుంది. జిల్లా అంతా చూస్తుంది. వచ్చినప్పుడల్లా మంచి వెలుతురు కోసం నన్ను కుర్చీతో సహా పక్కకు జరుపుతుంది. ఇన్నేళ్ళలో అది ఒక్క గడ్డిపోచ పీకగా నేను చూడలేదు. నీళ్ళ పైపు ఎక్కడుందో అడిగితే వంటింట్లో వెతుకుతుంది. ప్రాణంగా ప్రేమించేవాళ్ళకు ఒక తోటను ఇవ్వవచ్చు గానీ, వేసవిలో ఆ తోట గతి ఏమిటని నా ప్రశ్న.

కాబట్టి స్నేహలతకు వాళ్ళమ్మ పేము కుర్చీ, చిక్కుడు విత్తనాల సీసా ఇస్తున్నాను. పుష్పమ్మ ఆ కుర్చీలో కూర్చునే చిక్కుళ్ళు ఒలిచేది. నేను తోటలో తిరుగుతుంటే, "మొక్కలతో మాట్లాడినన్ని మాటలు నాతో ఎప్పుడైనా మాట్లాడారాండీ?" అనేది. నేను మొక్కలకు చెప్పేవన్నీ ఆవిడ వినాలనే పైకి చెప్పేవాణ్ణి. ఆ సంగతి ఆవిడకు తెలుసనుకుంటాను. విత్తనాలు ఏలూరులో బాల్కనీలోనైనా వెయ్యవలెను. ఫొటోలు తీసుకునే హక్కు జీవితాంతం ఉన్నది, మడిలో కాలు పెట్టకుండా.

7. నా కండక్టరు విజిలు ఖాతూన్ గారికి, కోతులు వచ్చినప్పుడు ఊదడానికి. సత్యానందం గారికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరాదు. ఆయన దగ్గర ఇప్పటికే ఒకటుంది, దానితోనే వేగలేకపోతున్నాం.

8. ఇప్పుడు సదరు సత్యానందం గారి విషయం. నాకంటే మూడేళ్ళు పెద్ద, రిటైరైన డ్రిల్లు మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద, నా పడమటి హద్దు. వీలునామాలో ఇరుగుపొరుగు మీద ఫిర్యాదులు రాయడం ఆనవాయితీ కాదని శ్రీహరి గారు కలం కింద పెట్టారు. మళ్ళీ తీయించాను.

ఒకటి. ఆయన మునగచెట్టు సగం నా వైపు వాలి ఉంటుంది. నీడ నా చేమంతుల మీద పడుతుంది. గొంగళిపురుగులు నా వైపు దిగుతాయి. కాయలు మాత్రం ఆయన వైపే దిగుతాయి.

రెండు. పొద్దున్నే కంచె దగ్గర నిలబడి, "నీళ్ళెక్కువయ్యాయండీ జ్ఞానయ్య గారూ, మొక్కను పెంచుతున్నారా ఈత నేర్పుతున్నారా?" అంటారు. మర్నాడు తగ్గిస్తే, "ఏవండీ, మొక్కలు ఉపవాసముంటున్నాయా?" అంటారు.

మూడు, ఇది అన్నిటికంటే పెద్దది. మా చర్చిలో కోతపండుగకు ఎవరి పెరట్లో కాసింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు, డబ్బు చర్చి పనులకు. నేను ఏటా నా తోటలో కాసిన మొదటి సొరకాయ పెడతాను. దేవుడికి మనస్ఫూర్తిగానే ఇస్తాను. కానీ వేలంలో ఆ కాయను పైకెత్తి చూపించగానే, నేను పాదు తవ్వి, పురుగు ఏరి, రోజూ తడిమి చూసుకున్న కాయ ఇంకెవరి చారులోనో ఉడుకుతుందన్న ఆలోచన వచ్చి చెయ్యి దానంతటదే లేస్తుంది. ఏటా నా కాయను నేనే పాడుకుని ఇంటికి తెచ్చుకుంటాను. నా ఈ బలహీనత ఊరందరికీ తెలుసు, అందరూ నవ్వి ఊరుకుంటారు. సత్యానందం గారు ఊరుకోరు. ఆ మనిషి సొరకాయ తినరు, వాతం చేస్తుందంటారు. అయినా వెనక బెంచీలోంచి పాట పెంచుతూనే ఉంటారు. నా చొక్కా జేబు అడుగు కనపడే సమయానికి సరిగ్గా ఆపేస్తారు. చర్చి పైకప్పు రేకులు అలా మారాయి. పాస్టరు గారు ఆ మధ్య ప్రహరీ గోడ వైపు చూస్తూ, "ఈసారి కాయ బాగా ఊరిందాండీ?" అని నన్ను అడిగారు.

9. నిరుడు ఇదే నెలలో నాకు గుండెలో అడ్డు పడి ఏలూరు ఆస్పత్రిలో చేర్చారు. స్టెంటు వేశారు. అదే వారం తుపాను. మంచం మీద పడుకుని టీవీలో గాలి లెక్కలు వింటూ, నా గుండె సంగతి మరిచిపోయి చేమంతుల కోసం ఏడ్చాను. నర్సమ్మ నొప్పనుకుని ఇంజక్షను ఇచ్చింది. ఊరంతా నన్ను చూడటానికి వచ్చింది. ప్రసాదరావు గారు కర్ర పట్టుకుని బస్సెక్కి వచ్చారు. సత్యానందం గారు మాత్రం రాలేదు. పక్కింటివాడై ఉండి రాలేదు. ఆ సంగతి మనసులో బాగా గట్టిగా పెట్టుకున్నాను.

ఇంటికి తెచ్చాక సుకుమార్ వద్దంటున్నా పెరట్లోకి వెళ్ళాను. వీధిలో ప్రతి ఇంటా అరటి, బొప్పాయి, బంతి నేలమట్టం. నా చేమంతులు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క ఊతకర్ర, డ్రిల్లు క్లాసులో పిల్లల్లా ఎడం ఎడంగా, తిన్నగా. కట్టినవి పాత పంచె పేలికలు. ఆకుపచ్చ అంచు పంచె మా వీధిలో ఒక్కరే కడతారు. కంచె అవతల చూస్తే ఆయన బంతి మడి, వంగ మడి బురదలో కలిసిపోయి ఉన్నాయి. ఆయన మొక్కలకు ఒక్క కర్ర కూడా గుచ్చి లేదు.

ఎందుకండీ ఇలా చేశారని అడిగాను. "మా మొక్కలకు పడి లేవడం తెలుసండీ. మీవి గారంగా పెరిగాయి, వాటికి నిలబడడం రాదు" అన్నారు. ఇంతా చేసి ముడులన్నీ తప్పు వైపు వేశారు. నేను మళ్ళీ విప్పి కట్టుకోవలసి వచ్చింది. ఒక్కటి మాత్రం విప్పలేదు.

10. అందుచేత పై నాలుగో అంశంలో చెప్పిన ఆరు సెంట్ల పెరటిని, అందులోని చెట్లు, పాదులు, మట్టి తవ్వే బొరిగె, పూలకత్తెర, నీళ్ళ పైపు, కలుపుతో సహా, నా అనంతరం బుంగా సత్యానందం గారికి సర్వహక్కులతో ఇస్తున్నాను.

శ్రీహరి గారు ఇక్కడ కళ్ళజోడు తీసి, "ఆయన మీకంటే పెద్దవారు కదండీ, ముందు ఆయనకే ఏదైనా అయితే?" అని అడిగారు. అది అడగవలసిన మాటే. సత్యానందం గారు నాకంటే ముందు పోరాదు. ఇది ఈ వీలునామాలో ముఖ్యమైన షరతు. ఒకవేళ నా మాట లెక్కచెయ్యకుండా ముందు పోయిన పక్షంలో, పోకముందు ఆయన ఎవరిని చూపిస్తే పెరడు వారికి చెందును. మనిషిని చూడడంలో ఆయన పొరపడరు, మొక్కలకు నీళ్ళు పెట్టడంలోనే పొరపడతారు.

11. పై దానానికి షరతులు. పెరటిలో టైల్స్, సిమెంటు, కుండీలు ఉండరాదు. చేపల చెరువు తవ్వరాదు, ఆరు సెంట్లలో ఎవరు తవ్వుతారని శ్రీహరి గారు నవ్వారు గానీ, పొలాలన్నీ చేపల చెరువులైపోయిన మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళు నవ్వరు. పొద్దుటి ఎండలో కుర్చీ వేసుకుని కాసేపు కూర్చోవలెను. ఆయన ఎప్పుడూ నిలబడే ఉంటారు, నిలబడి చూస్తే తోట కనపడదు, తప్పులే కనపడతాయి.

కోతపండుగకు ఈ తోట మొదటి సొరకాయ ఏటా చర్చికి పోవలెను. వేలంలో సుకుమార్ నా బెంచీలో కూర్చుని సత్యానందం గారి మీద పాట పెంచవలెను. సొరకాయ తిననివారైనా సరే, తన చేత్తో పెంచిన కాయ కోసం ఆయన చెయ్యి కూడా లేస్తుందని నా నమ్మకం, నేను పడిన అవస్థ ఆయనకు తెలియాలి. పైగా పోటీ పాడేవాడు లేక ఆ కాయ మొదటి పాటకే పోతే ఆయన ముఖం చిన్నబోతుంది. అది నాకు ఇష్టం లేదు.

12. సమాధుల పండుగ రోజున పూల కోసం ఎవరు వచ్చినా, ఏ చర్చివారైనా, ఏ మతంవారైనా, లేదనకుండా కోసి ఇవ్వవలెను. మొదటి కోత పుష్పమ్మ సమాధికి. నాకు మిగిలినవి చాలు, ప్లాస్టిక్ దండలు వద్దు. నా సమాధికి టైల్స్ వెయ్యడానికి మాత్రం సుకుమార్‌కు పూర్తి అనుమతి ఇస్తున్నాను. వాడి సరదా ఎక్కడో ఒకచోట తీరాలి.

13. పై అంశాలు రాయడం పూర్తయ్యాక సాక్షి సంతకాలకు పాస్టరు సాల్మన్ గారినీ, సత్యానందం గారినీ పిలిపించాను. సత్యానందం గారిని పిలవడంలో నా ఉద్దేశం వేరు. సాక్షిగా కూర్చుంటే ఎనిమిదో అంశం చదివేటప్పుడు మధ్యలో మాట్లాడకుండా వినక తప్పదనుకున్నాను. కానీ ఆయన కలం తీయగానే శ్రీహరి గారు అడ్డుపడ్డారు. మా క్రైస్తవుల విషయంలో, వీలునామాలో ఆస్తి పొందేవారు సాక్షి సంతకం పెడితే వారికిచ్చింది చెల్లదట. ఆ సంగతి ఆయనకు చెప్పకుండా, "మీరు వద్దులెండి" అని మాత్రమే అన్నారు. సత్యానందం గారికి కోపం వచ్చింది. "ఊళ్ళో సగంమందికి హాజరు వేసిన చెయ్యి ఇదండీ, నా సంతకం పనికిరాదా?" అన్నారు. ఇక తప్పక ఎనిమిది నుంచి పది దాకా చదివి వినిపించారు.

ఎనిమిదికి ఆయన లేచి నిలబడ్డారు. తొమ్మిదికి మునగచెట్టు వైపు తిరిగారు. పది విన్నాక మడుల మధ్యలోకి వెళ్ళి, తిన్నగానే ఉన్న ఒక ఊతకర్రను చాలాసేపు తిన్నగా చేశారు.

ఈలోగా రెండో సాక్షి కావలసి వచ్చింది. ముస్తాక్ గారు పనికిరారు, కరివేపాకు కొమ్మ ఆయన భార్యకే రాశాను కదా. ఈ వీలునామాలో ఏమీ దక్కనివారు మా వీధిలో దొరకలేదు. అప్పుడే కొల్లేటి చేపల తట్టతో వచ్చిన పాపాయమ్మను పిలిచాం. "నాకేం రాయలేదా అండీ?" అని అడిగి, లేదని రూఢి చేసుకున్నాక, చెయ్యి కడుక్కుని సంతకం పెట్టడానికి కూర్చుంది.

సత్యానందం గారు తిరిగి వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "ఈ ఏడు నాకు ఖాళీ లేదండీ జ్ఞానయ్య గారూ. కంటి ఆపరేషనుంది. వచ్చే ఏడు మా మనవరాలి పెళ్ళి. ఆ పై ఏడు సంగతి ఇప్పుడే చెప్పలేను. తోట మీరే చూసుకోవాలండీ" అన్నారు.

ఆ మాట న్యాయంగా ఉన్నదని ఒప్పుకుంటున్నాను. ఆయనకు ఖాళీ దొరికేదాకా ఈ వీలునామా అమలులోకి రాకుండా చూసుకునే పూచీ నాది. ఆ మేరకు మందులు వేళకు వేసుకుంటాను, మెట్లు మెల్లగా దిగుతాను.

ఇది నా ఇష్టపూర్వకంగా చెప్పి, చదివించుకుని విని, పాస్టరు గారి ఎదుట, పాపాయమ్మ ఎదుట చేసిన సంతకం.

గుండుగొలను,
2025 నవంబరు 24

(సంతకం) నేతల జ్ఞానయ్య

సాక్షులు:
1. (సంతకం) రెవ. సాల్మన్, పాస్టరు, గుండుగొలను
2. (సంతకం) పాపాయమ్మ, చేపల వ్యాపారం, గుండుగొలను

దస్తూరి: శ్రీహరి, దస్తావేజు లేఖరి, భీమడోలు